ఎదురొచ్చిన ఎఫీ

ఇంకా మొదలుపెట్టలేదు. పెడతాడు, పెట్టకుండా ఊరుకునే ఘటం కాదు హ్యూ పోలాక్. పోయినేడు మేనకోడలి పెళ్ళి విందులో పెట్టాడు, అంతకుముందు పాత పాదిరిగారు పోయినప్పుడు సమాధి మీద మట్టి ఆరకముందే పెట్టాడు, ఇవాళ ఇంతమంది ఒక్కచోట దొరికితే వదులుతాడా అనుకుంటూ ఎఫీ డంబ్రెక్ గొడుగు కర్రను ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. వాన పెద్దదేం కాదు, కానీ పొద్దున్నించీ విడవకుండా జిడ్డులా పట్టుకుంది, అచ్చం ఈ కౌన్సిలరు హ్యూ గారి ఉపన్యాసంలాగే. చర్చి నుంచి అరువు తెచ్చిన కుర్చీల కాళ్ళు బురదలో తలో లోతుకీ దిగబడి, ముందు వరసలో వాళ్ళంతా తలా ఒక పక్కకి ఒరిగి కూర్చున్నారు. ఎదురుగా ఊరి ఆటగాళ్ళ జ్ఞాపకార్థం నిలబెట్టిన రాయి, దాని మీద ఎవరింటి నుంచో తెచ్చిన బల్లగుడ్డ, గుడ్డ ఎగరకుండా అంచుల మీద ఇటుకలు. ఆ ఇటుకలు కూడా మన ఇళ్ళవే అయ్యుంటాయి, ఎవరి పొయ్యి గోడవో. పక్కన వాటీ. కట్టుకున్న మొగుడు. పెళ్ళినాటి నల్లకోటు తొడుక్కుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఫోటో తీయించుకుంటున్నట్టు బిగుసుకుని కూర్చున్నాడు. ఆ ముఖం చూడు, ఏమీ తెలియనట్టు. అన్నీ తెలుసు. హ్యూ ఏం చెప్పబోతున్నాడో తెలుసు, అది వినగానే తను ఎలా నవ్వాలో కూడా తెలుసు. ముప్పై ఏళ్ళుగా నవ్వుతూనే ఉన్నాడు కదా, తల ఓ పక్కకి వంచి, ఏం చేస్తాం నా రాత అన్నట్టు.

పొద్దున ఓట్స్ జావ వడ్డిస్తూనే చెప్పింది. "ఇవాళ ఆ కథ వద్దు వాటీ."

"ఏ కథ?"

"ఏ కథో నీకు తెలీదూ?"

"హ్యూ చెప్తే నేనేం చేసేది? కౌన్సిలరు నోరు నేను మూస్తానా?" అని జావలో ఉప్పు చాల్లేదన్నాడు. ఉప్పు! మనిషి గుండెల్లో ముప్పై ఏళ్ళ మంట పెట్టుకుని అడుగుతుంటే ఈయనకి జావలో ఉప్పు కావాలి. ఇన్నాళ్ళూ సరే, గని మనుషుల నోళ్ళలో నానింది, పెళ్ళిళ్ళలో నవ్వుకున్నారు, సారాకొట్లో నవ్వుకున్నారు, గాలికి పోయిన మాటలు. ఇవాళ అలా కాదు. అదిగో, పక్కన పత్రికతను నిలబడ్డాడు, గ్లాస్గో నుంచి వచ్చాడట, నోట్‌బుక్కు తడవకుండా టోపీ అంచు కింద పట్టుకుని చకచకా గీకుతున్నాడు. రేపు అచ్చులో పడుతుంది. ఊరే లేకుండా పోయాక ఊరి గురించి అచ్చులో ఏముంటే అదే నిజం, ఇంక అడ్డు చెప్పడానికి ఎవరుంటారు? డ్రమ్‌బెయిన్ అనే ఊళ్ళో వాటీ డంబ్రెక్ అనే ఆటగాడుండేవాడు, వాడు స్కాట్లాండ్ జట్టుకి ఆడాల్సింది, ఒక శనిగొట్టు ఆడది ఎదురొచ్చి చెడగొట్టింది. ఆ శనిగొట్టు ఆడది తను. చచ్చాక కూడా తనే.

హ్యూ ఇంకా ఊరినే పొగుడుతున్నాడు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు, చచ్చిన ఊరికీ అంతే. ఎంత చల్లని ఊరు, ఎంత ఐకమత్యం, తలుపులకి తాళాలే ఎరగం అంటున్నాడు, గొంతు కూడా బొంగురు చేసుకున్నాడు. తాళం వేసుకోవడానికి లోపల ఏముండేది కనక? వరసకి ఇరవై ఇళ్ళు, ఇరవై ఇళ్ళకీ ఒకే కొళాయి, చలికాలం అది కూడా గడ్డకట్టేది, వేణ్ణీళ్ళు పోసి కరిగించుకునేవాళ్ళం. గని మూసేయగానే కంపెనీవాళ్ళు వచ్చి ఇళ్ళ కప్పులు పీకేశారు, కప్పు ఉంటే పన్ను కట్టాలట, అందుకని. ఇప్పుడు ఆ వంటిళ్ళలో గొర్రెలు తిరుగుతున్నాయి. అదిగో మూడో వరసలో, కిటికీలోంచి ఒకటి తొంగిచూస్తోంది, తన వంటిల్లు అదే, అక్కడే నాలుగు కాన్పులు. ఈ ఐకమత్యం హ్యూ అందరికంటే ముందు మూటాముల్లే సర్దుకుని పట్నం పోయి బట్టల దుకాణం పెట్టాడు. ఇప్పుడొచ్చి కళ్ళు తుడుచుకుంటున్నాడు. తుడుచుకో నాయనా, రుమాలు నీ కొట్లోదేగా.

ఇక ఆటగాళ్ళ జాబితా. అది మాత్రం నిజమే, ఒప్పుకోవాలి. ఇంత ఊరు, గని గుట్టకీ రైలు కట్టకీ మధ్య దుప్పటంత మైదానం, అందులోంచి ఎంతమంది పోయారు పెద్ద పెద్ద క్లబ్బులకి! పగలంతా భూమి కింద మోకాళ్ళ మీద పాకిన కుర్రాళ్ళు పైకి రాగానే ముఖమైనా కడుక్కోకుండా బంతి వెనక పరిగెత్తేవాళ్ళు, కాళ్ళు చాపుకోవడానికి వాళ్ళకి దొరికింది ఆ కాస్త జాగానే. అందరిలోకీ వాటీ వేరు. ఆ మాట ఎఫీ ఎవరికీ చెప్పదు, ఇప్పుడీ చిరాకులో అసలే చెప్పదు, కానీ వాటీ వేరు. బంతి ఆయన కాలి దగ్గర పెంపుడు కుక్కలా ఉండేది, పిలిస్తే వచ్చేది, పొమ్మంటే పోయేది. ఎఫీ పాల డెయిరీ గోడ మీద గడ్డం ఆనించి చూసేది, పద్దెనిమిదేళ్ళప్పుడు, ఎవరూ చూడకుండా. ఇప్పుడు ఆ కాళ్ళకి రాత్రిళ్ళు తిమ్మిర్లు, ఆ ఊపిరితిత్తుల్లో బొగ్గుమసి, మెట్టు ఎక్కితే దగ్గు. ఇదిగో దగ్గుతున్నాడు. మఫ్లరు కట్టుకోమంటే వినడు, నల్లకోటు మీద బాగుండదట. గొడుగు కొంచెం ఆయన వైపు వంచింది, చిరాకు పడుతూనే వంచింది.

డ్రమ్‌బెయిన్ గని మగవాళ్ళకి భయమంటూ ఉంటే అది ఒక్కటే, షిఫ్టుకి పోతుంటే ఆడమనిషి ఎదురు రాకూడదు. వచ్చిందా, ఆ రోజు గనిలోకి దిగరు, వెనక్కి తిరిగి ఇంటికొచ్చి పడుకుంటారు, కూలి పోయినా సరే, ఎవరూ తప్పుపట్టరు. అందుకని తెల్లవారుజామున బూట్ల చప్పుడు వరస దాటి వంతెన దాటి వినబడకుండా పోయేదాకా ఆడవాళ్ళు గడప దాటేవాళ్ళు కారు. కన్నతల్లి అయినా అంతే, పెళ్ళామైనా అంతే. ముద్దులన్నీ గడప లోపలే. పైకి మళ్ళీ వీళ్ళంతా క్రైస్తవులు, ఆదివారం ఆదివారం పాదిరిగారి ముందు దేవుడొక్కడే దిక్కంటారు, సోమవారం పొద్దున ఎదురొచ్చిన ఆడదాన్ని చూస్తే ఆ దేవుడు కూడా చాలడు. ఫుట్‌బాల్ ఆటకి పోయే రోజు కూడా ఇదే నియమం. పందెం ఓడిపోతే ఎవరెదురొచ్చారని ఆరా తీసేవాళ్ళు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

కథ ఇది, ఊరు చెప్పేది. స్కాట్లాండ్ జట్టు నుంచి వాటీకి పిలుపొచ్చింది, ఇంగ్లండ్ మీద ఆట. ముందురోజు ఊరంతా విందు చేసింది. శనివారం తెల్లవారకముందే, ఎవరూ ఎదురుపడకూడదని చీకట్లోనే స్టేషన్‌కి బయల్దేరాడు. వంతెన మీదికి వచ్చాడో లేదో, ఎదురుగా ఎఫీ రాంకిన్, డెయిరీలో పాలు పితికే పిల్ల. అంతే. వాటీ టోపీ తీసి, నిట్టూర్చి, వెనక్కి తిరిగాడు. రైలు పోయింది. స్కాట్లాండ్ మళ్ళీ పిలవలేదు. అయినా ఎంత మంచివాడో చూడండి, ఆ పిల్లనే పెళ్ళాడాడు! ఇక్కడ అందరూ నవ్వాలి. హ్యూ చెప్తే ఇంకా హంగులుంటాయి. ఒకసారి ఎఫీ చేతిలో ఖాళీ బిందె పెట్టాడు. పోయినేడు పెళ్ళిలో జుట్టు ఎర్రగా చేసేశాడు, ఎర్రజుట్టు ఆడది మరీ అపశకునమని. ఎర్రజుట్టు! ఎఫీ జుట్టు పుట్టినప్పటినుంచీ ఎండుగడ్డి రంగు, ఇప్పుడది కూడా లేదు, నెరిసింది, అయినా ఆ పెళ్ళిలో కుర్రాళ్ళు తన తలకేసి చూసి అవునవును ఎర్రగానే ఉండేదన్నారు. పుట్టారా అప్పటికి వీళ్ళు?

ఇంతమంది ఈ కథ ఇన్నిసార్లు విన్నారు కదా, ఒక్కడంటే ఒక్కడికి, చదువుకున్న పంతులుకి, బైబిలు తిప్పే పాదిరికి, ఆ దారిన రోజూ నడిచిన మగాడికి, ఒక్కరికీ తట్టదా? ఊరికి ఉన్నది ఒకే దారి. ముందు మన వరసలు, తర్వాత వాగు మీద వంతెన, అది దాటితే డెయిరీ, ఇంకా పోతే చిట్టచివర స్టేషన్. ఎఫీ పాలు పితకడానికి ఇంటినుంచి డెయిరీకి పోతోంది. ఎప్పటిలా షిఫ్టువాళ్ళ బూట్ల చప్పుడు అణిగిపోయాక, దారి ఖాళీ అని నమ్మకం కుదిరాకే బయల్దేరింది. వాటీ స్టేషన్‌కి పోతున్నట్టయితే ఆయన కూడా అటే పోవాలి. ఆయన వీపు కనబడాలి తనకి. ముఖం ఎలా కనబడింది? ఎదురు ఎలా వచ్చారు ఇద్దరూ? ఆయన అప్పటికే స్టేషన్ నుంచి తిరిగొస్తున్నాడు కనక. టోపీ తీసిన మాట నిజం. నిట్టూర్చిన మాట కూడా నిజం. "ఓ, ఎఫీ రాంకిన్," అన్నాడు, ఎవరైనా ఒకరు దొరికారే అన్నట్టు. వెనక్కి మాత్రం తిరగలేదు. తిరగాల్సిన పనే లేదు, ముఖం ఇంటివైపే ఉంది, తన పక్కనుంచి చక్కగా నడుచుకుంటూ పోయాడు, చంకలో బూట్ల పొట్లంతో.

ఆ తెలివి ఎఫీకి వెంటనే వచ్చిందా అంటే రాలేదు. వారం రోజులు ఏడ్చింది, నిజంగా తనే ఆయన బతుకు తగలబెట్టానని. ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో ఆవు పొట్టకి చెంప ఆనించి పాలు పితుకుతుంటే, ఏడుపు ఆగి, చేతులు ఆగి, దారి మొత్తం కళ్ళ ముందు పరుచుకుంది. అమ్మ దగ్గరికి పరిగెత్తి చెప్పేద్దామనుకుంది. ఆ సాయంత్రమే వాటీ గుమ్మంలోకి వచ్చాడు, ఊరంతా చూస్తుండగా, ఎఫీ తప్పేం లేదు, నాతో షికారుకొస్తుందా అని అడిగాడు. ఎంత అందంగా ఉండేవాడని! నోరు తెరిస్తే మొగుడు పోతాడు, మూసుకుంటే పేరు పోతుంది. పంతొమ్మిదేళ్ళ పిల్ల ఏది ఎంచుకుంటుంది? ఆయనే చెప్తాడులే, పెళ్ళయ్యాక చెప్తాడు, బిడ్డ పుట్టాక చెప్తాడు, ఇవాళ కాకపోతే రేపు చెప్తాడు అనుకుంది. చెప్పలేదు. దేనికి భయపడ్డాడో అది కూడా ఎఫీయే ఊహించుకోవాల్సి వచ్చింది. గని మనుషులు వీపు కడుక్కోరు, కడిగితే నడుము బలం పోతుందని. పొయ్యి ముందు తొట్టిలో కూర్చుని ముఖం, చేతులు, ఛాతీ రుద్దుకుంటారు, వీపు మాత్రం నల్లగా అలాగే. జట్టుకి ఎంపిక చేసే ఆట ఆడడానికి పట్నం పోయొచ్చినప్పుడు ఒకే ఒక్క ముక్క అన్నాడట వాళ్ళమ్మతో, అక్కడ అందరూ కలిసి ఒకే పెద్ద తొట్టిలో దిగుతారమ్మా, నా వీపు చూసి నల్లపలక అని నవ్వారు అని. అంతే, మళ్ళీ ఎత్తలేదు. ఇంగ్లండ్‌కి భయపడలేదు, ఆ నవ్వుకి భయపడ్డాడు. సరే, భయం ఎవరికి లేదు? ఆ భయం తెచ్చి పెళ్ళాం నెత్తిన పెట్టి ముప్పై ఏళ్ళు హాయిగా నిద్రపోవడమేమిటి?

రెండు కుర్చీల అవతల టీనీ బోగ్ కూర్చుంది. అటు చూడకూడదనుకుంది, చూసింది. టీనీ మొగుడు డాన్ గని కప్పు కూలి పోయాడు, పెద్ద యుద్ధానికి ముందు మాట. ఆ పొద్దున ఎఫీ రెండో కాన్పయి మంచంలో ఉంది, గడప దాటలేదు, కిటికీ తెర కూడా తీయలేదు. అయినా అన్నారు. ఎవరన్నారో తెలీదు, ఎఫీ డంబ్రెక్ ఎదురొచ్చిందట డాన్‌కి అని. టీనీ దాన్ని నమ్మింది, ఏదో ఒకటి నమ్మకపోతే పిచ్చెక్కేది పాపం. ఆ తర్వాత వీధిలో ఎఫీని చూస్తే పిల్లల్ని లోపలికి లాక్కునేది. అప్పటినుంచీ ఎఫీ పెద్ద దారి మానేసింది. డెయిరీకి పోవాలంటే గని గుట్ట వెనక నుంచి, బురదనేల మీదుగా, మోకాళ్ళదాకా తడుస్తూ చుట్టు తిరిగి పోయేది. చలికాలం స్కర్టు అంచు గడ్డకట్టి కాళ్ళకి కోసుకునేది. ఇంటికొచ్చి ఆరబెట్టుకుంటుంటే వాటీ చూసేవాడు, చూసి, పొయ్యిలో ఇంకో బొగ్గు వేసేవాడు. మాట వెయ్యడు, బొగ్గు వేస్తాడు.

అయ్యో, ఆ కథలోకి వచ్చాడు. హ్యూ గొంతు మారింది, చేతులు కోటు జేబుల్లోకి పోయాయి, ఆ నవ్వు మొదలైంది. "ఇంతమంది పేర్లు చదివాను కదా, ఒక్క పేరు దాచుకున్నాను. వీళ్ళందర్నీ తలదన్నేవాడు. స్కాట్లాండ్ పిలిచినవాడు. మరి ఎందుకు పోలేదు?" జనంలో అప్పుడే కదలిక, అప్పుడే నవ్వు, వెనక ఎవరో "చెప్పు హ్యూ, చెప్పు!" అంటున్నారు. పాడిందే పాట, అయినా వాళ్ళకి ఆకలే. "నేనెందుకు చెప్పడం? మనిషే ఇక్కడున్నాడు. రా వాటీ, నీ నోటితోనే చెప్పి, ఆ గుడ్డ కూడా నువ్వే తియ్యి!" చప్పట్లు. పత్రికతను పేజీ తిప్పాడు. వాటీ లేచాడు. లేచేముందు ఒక్కసారి ఎఫీ వైపు చూశాడు, ఆ చూపేమిటో ఆవిడకి అర్థం కాలేదు, ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడకి అర్థం కాని చూపులు లెక్కపెడితే గంపెడు. లారీ వెనక తొట్టే వేదిక. ఎక్కడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. చెప్పడులే. ఇవాళ మాత్రం ఆ కథ చెప్పడు. నా అంతట నేనే పోలేదురా అని ఒక్క ముక్క అని, గుడ్డ తీసి, దిగిపోతాడు. పొద్దున అంత బతిమాలాను కదా, ఆ మాత్రం మిగిలి ఉండదా మనిషిలో?

"ఏముందిరా చెప్పడానికి," అన్నాడు వాటీ, తల ఓ పక్కకి వంచి. "ఇంకా చీకటే. వంతెన మీద ఉన్నాను. తల ఎత్తి చూద్దును కదా, ఎదురుగా..."

"ఎఫీ!" అన్నారు జనం అంతా ఒక్క గొంతుతో, నవ్వుతూ, చిన్నపిల్లలు పద్యం అప్పజెప్పినట్టు.

"ఏ వైపుకి నడుస్తున్నావు వాటీ?"

ఎవరా అని చూసుకుంటే తన గొంతే. గట్టిగా కూడా అనలేదు. జావలో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు అడిగింది.

"ఎఫీ, తల్లీ, నీ వంతు తర్వాత," అన్నాడు హ్యూ.

"నిన్ను కాదు హ్యూ. నా మొగుణ్ణి అడుగుతున్నాను. నేను పాలు పితకడానికి పోతున్నాను. డెయిరీ వంతెన అవతల, స్టేషన్ ఇంకా అవతల. నువ్వు స్టేషన్‌కే పోతుంటే నాకు నీ వీపు కనబడాలి. నీ ముఖం చూశాను నేను. ఏ వైపుకి నడుస్తున్నావు?"

నవ్వులు వెంటనే ఆగలేదు, ఒక్కొక్కటిగా ఆగాయి. ఎఫీ వాళ్ళ ముఖాలు చూస్తోంది. ముసలి గని మనుషులు, భూమి కింద చీకట్లో ఏ దారి ఎటు పోతుందో చేత్తో తడిమి చెప్పగలిగినవాళ్ళు, ఇప్పుడు వరసల వైపు చూస్తున్నారు, వంతెన వైపు చూస్తున్నారు, మళ్ళీ వరసల వైపు. పెదాలు కదులుతున్నాయి కొందరివి. టీనీ బోగ్ మెల్లగా ఇటు తిరిగింది, కుర్చీతో సహా, ఎన్నేళ్ళకో ఎఫీ ముఖంలోకి సూటిగా చూసింది. చూడవే, ఇప్పటికైనా చూడు. వాటీ తల ఇప్పుడు వంకరగా లేదు. నిటారుగా నిలబడ్డాడు, టోపీ తీశాడు, వాన బట్టతల మీద పడుతోంది.

"ఇంటివైపు," అన్నాడు.

"గట్టిగా చెప్పు, వెనక వినబడదు."

"ఇంటివైపు! స్టేషన్ దాకా పోయాను. రైలొచ్చింది. తలుపు కూడా తీశారు. ఎక్కలేకపోయాను. కాళ్ళు రాలేదు. తిరిగొచ్చేస్తుంటే ఎఫీ కనబడింది, ఎదురొచ్చిందని చెప్పాను, మీరు నమ్మారు. మీరు ఎంత తేలిగ్గా నమ్మారంటే..." దగ్గొచ్చింది. ఆగి, ఊపిరి తీసుకుని, "తనకి మొదటినుంచీ తెలుసు. తనకి తెలుసని నాకూ తెలుసు," అన్నాడు.

ఎంతసేపు పట్టింది? ఆ నాలుగు మాటలు చెప్పడానికి ఎంత పట్టింది ఈ మనిషికి? గొంతులో గుటక పడినంతసేపు. దీనికా ముప్పై ఏళ్ళు, దీనికా ఆ బురద, ఆ గడ్డకట్టిన స్కర్టులు? ఎఫీ ఈ ఘడియ గురించి ఎన్ని రాత్రులు అనుకుంది, ఇది వచ్చిన రోజు గుండె తేలికైపోతుందని, దూదిలా ఎగిరిపోతానని. ఎగరడం లేదు. కుర్చీ ఇంకో అంగుళం బురదలోకి దిగింది, అంతే. పత్రికతను రాయడం మానేసి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. రాయవయ్యా, ఇప్పుడు కదా రాయాల్సింది!

వెనక వరసల్లోంచి ఎవడో కిసుక్కుమన్నాడు. "అంటే రైలుని చూసి జడుసుకుని పారిపోయొచ్చావన్నమాట పెద్దాయనా!" దాని వెంట ఇంకో నవ్వు, ఇంకోటి, తడిసిన మందలో ఒకటి అరిస్తే అన్నీ అరిచినట్టు. లారీ మీద వాటీ తల దించుకున్నాడు. ఆ వంగిన వీపు చూసింది ఎఫీ, నల్లకోటు తడిసి అంటుకుపోయిన వీపు.

కుర్చీ వెనక్కి పడిపోయింది. తను లేచిందని ఆ చప్పుడు విన్నాకే తెలిసింది.

"ఎవడ్రా అది?" గొడుగు మూసి, కర్రలా పట్టుకుని వెనక్కి తిరిగింది. "నవ్వినవాడు లేచి నిలబడు. లే, మొహం చూడనీ. నువ్వా, మెక్‌విట్టీ చిన్నోడా? నీకెప్పుడైనా వచ్చిందిరా స్కాట్లాండ్ నుంచి పిలుపు? నీ బాబుకొచ్చిందా? ముందు పిలుపు రానీ, ఆనక భయపడుదువుగాని, అప్పుడు నవ్వుకుందువుగాని! ఇంకెవరు నవ్వారు? హ్యూ, నువ్వు నవ్వావా?"

"నేనా? లేదు తల్లీ, లేదు," అన్నాడు కౌన్సిలరు.

"ఎఫీ," అన్నాడు వాటీ లారీ మీదనుంచి, "కూర్చో ఎఫీ."

"నువ్వు నోర్ముయ్," అంది ఎఫీ, ఆయన వైపు తిరక్కుండానే. "నీ సంగతి ఇంటికెళ్ళాక చెప్తాను."